దొమ్మ రోగం: గొర్రె ఒంటిలో జరిగే మోసం

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర ప్రాంతమే. మేత కోసం మన మందలు మడకశిర వైపునకు, అక్కడివి ఇటువైపునకు వచ్చిపోవుచుండును. వాటికి సోకే రోగాలలో ఆంత్రాక్స్ మిక్కిలి ప్రమాదకరమైనది. తెలుగులో దీనిని దొమ్మ అంటారు, కన్నడంలో నెరడి. సాయంకాలం మేసి వచ్చిన గొర్రె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. ముక్కు, ఆసనం నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంది.

ఇంత త్వరగా మరణం ఎట్లు సంభవించును? ఈ రోగానికి కారణం బాసిల్లస్ ఆంత్రాసిస్ అనే సూక్ష్మజీవి అని 1876లో రాబర్ట్ కోహ్ నిరూపించాడు. అది మూడు ప్రోటీనులను విడుదల చేస్తుంది. మొదటిది జీవకణం పైపొరకు అంటుకొనగానే, ఆ కణానికే చెందిన ఫ్యూరిన్ అనే ఎంజైము దానిని కోస్తుంది. కోసిన ముక్కలు సాధారణంగా ఏడు కలిసి ఉంగరంగా ఏర్పడి, మిగిలిన రెండు ప్రోటీనులను లోనికి చేరుస్తాయి. ఇంటివారి కొడవలితోనే దొంగ తడిక కోసినట్లన్నమాట.

లోనికి చేరిన రెండూ ఎంజైములే. ఒకటి జింకు ఆధారంగా పనిచేసే కత్తెర వంటిది. శత్రువు వచ్చినదన్న వార్తను కణంలో మోసే ప్రోటీనుల కొసలను అది తెగగొడుతుందని 1998లో తేలింది. వార్త అందకపోవడంతో తెల్ల రక్తకణాల ఎదురుదాడి కుంటుపడుతుంది. రెండవది కణంలోని ఏటీపీని చక్రీయ ఏఎంపీగా మారుస్తుంది. అది మితిమీరితే శరీరభాగాలు నీరు పట్టి ఉబ్బుతాయి, తెల్లకణాలు సూక్ష్మజీవులను మింగలేకపోతాయి. ఆలస్యంగా ఇచ్చిన పెన్సిలిన్ ఫలించకపోవడానికి కారణమిదే. అది సూక్ష్మజీవిని చంపును గాని, అప్పటికే కణాలలో చేరిన విషాన్ని తొలగింపజాలదు.

చచ్చిన గొర్రె ఖరీదులో కొంతైనా రాబట్టుకోవాలని కొందరు కోసి పంచుతారు. పేదరికం చేయించే పని అది, కానీ చేయరాదు. గాలి తగిలిన రక్తంలో సూక్ష్మజీవులు సిద్ధబీజాలుగా మారి నేలలో దశాబ్దాలు నిలుస్తాయి. 1942లో ప్రయోగం కోసం వీటిని చల్లిన స్కాట్లండు దీవి గ్రూనార్డ్ 1990లో గాని సురక్షితమని ప్రకటింపబడలేదు. తోలు ఒలిచినవారి చేతిపై నొప్పి లేని నల్లని పుండు లేస్తుంది. విశాఖ మన్యంలో చచ్చిన పశువులను కోసి తిన్నవారికి ఇది పలుమార్లు సోకింది. కళేబరాన్ని కోయకుండా పశువైద్యునికి కబురు చేసి, లోతుగా పూడ్చవలెను, లేదా కాల్చవలెను.

ఈ సూక్ష్మజీవికి తెల్లకణాల నుండి కాపాడే తొడుగు ఒకటి ఉన్నది. దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ 1937లో ఆ తొడుగును కోల్పోయిన రకంతో టీకాను రూపొందించాడు. నేటికీ పశువులకు వేసేది ముఖ్యంగా అదే. మనకు బెంగళూరు హెబ్బాళలోని సంస్థ తయారుచేస్తుంది. రోగం కనిపించిన ఊళ్ళలో ఏటా వేయించాలి. టీకా వేసిన రోజులలో యాంటీబయాటిక్ ఇవ్వరాదు. టీకాలో ఉన్నవి ప్రాణమున్న బీజాలే గనుక మందు వాటినీ చంపివేయును.