రొట్టెల ఇంట పిండి తొట్టి: ఒక క్రిస్మస్ వంటకం చరిత్ర

క్రిస్మస్ సమీపించినప్పుడు అమెరికాలో కొన్ని క్రైస్తవ కుటుంబాలు వంటింటి బల్లమీద బేత్లెహేమును కట్టుకుంటాయి. బిస్కెట్లే గోడలు, పంచదార ఐసింగే సున్నం, కొబ్బరి కోరే ఎండుగడ్డి. బాదంపప్పు, పంచదార కలిపి నూరిన ముద్దతో మరియ యోసేపులను, శిశువును చేస్తారు. పిల్లలకు ఇది సంబరం. సంకోచమంతా పెద్దలదే: పండుగ ముగిశాక దీనిని తినవచ్చునా? గొర్రెలను, గోడలను తిన్నాక శిశువును ఏమి చేయాలి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ముందు తొట్టి అంటే ఏమిటో చూడాలి. లూకా 2:7లో శిశువును పరుండబెట్టినది పశువుల తొట్టిలో. ఇంటి ముందు కుడితి తొట్టిని చూచిన తెలుగు పాఠకునికి అది తిండి పెట్టే పాత్ర అని వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషులో 'క్రిబ్' అనే మాటకూ మొదట ఇదే అర్థం. క్రమంగా అది పసిపిల్లల మంచమై, మేత సంగతి మరుగున పడింది. బేత్లెహేము అనే పేరుకు హెబ్రీలో రొట్టెల ఇల్లు అని అర్థం. ఈ రెంటినీ కలిపి చదివినవాడు మహా గ్రెగొరీ పోపు (590-604). విశ్వాసులను తన శరీరమనే గోధుమతో పోషించడానికే ప్రభువు తొట్టిలో ఉంచబడ్డాడని ఆయన క్రిస్మస్ ప్రసంగంలో వివరించాడు.

1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామం దగ్గర అస్సీసీ ఫ్రాన్సిస్ ఎద్దును, గాడిదను తెప్పించి, గడ్డి పరచిన తొట్టి దగ్గర ప్రభుభోజన ఆరాధన జరిపించాడు. కొద్ది సంవత్సరాలకే ఆయన జీవితచరిత్ర రాసిన చెలానో తోమా, తరువాత ఆ తొట్టిమీద బలిపీఠం కట్టారని చెబుతూ కారణం కూడా ఇచ్చాడు: పశువులు గడ్డి మేసినచోట మనుష్యులు దేవుని గొర్రెపిల్లను భుజించాలి. క్రిస్మస్ నాడు గోడలు సైతం మాంసం తినాలని, తినలేకపోతే వాటికి పూయనైనా పూయాలని ఫ్రాన్సిస్ అన్నట్టు రాసినదీ ఈ తోమాయే. నిరాడంబరతకు పేరుపడిన సన్యాసి నోట ఆ మాట!

తొట్టిని ఇంటి భోజనంలోకి తెచ్చిన వంటకానికి స్పష్టమైన సాక్ష్యం 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఉంది. క్రిస్మస్ పై అంటే ఆనాడు మాంసపు వంటకం. సన్నగా తరిగిన మాంసం, కొవ్వు, ఎండుద్రాక్ష, లవంగం, జాపత్రి కలిపి గట్టి పిండిపెట్టెలో కూరి కాల్చేవారు. ఆ పెట్టె నిడుపుగా ఉండేది పశువుల తొట్టికి అనుకరణగానే అని జాన్ సెల్డెన్ (1584-1654) అన్నాడు. ఆయన మాటలను కార్యదర్శి కూర్చగా 1689లో 'టేబుల్ టాక్' పేరుతో అచ్చయ్యాయి. సెల్డెన్ సామాన్యుడు కాడు. న్యాయవేత్త, హెబ్రీ పండితుడు, వెస్ట్‌మిన్‌స్టర్ సభలో కూర్చున్న పార్లమెంటు సభ్యుడు. పండుగ దినాలకు వాక్యాధారం లేదని తన ఆరాధన నిర్దేశిక (1645)లో చెప్పినది ఆ సభయే.

1644లో క్రిస్మస్ నెలవారీ ఉపవాస దినమైన బుధవారం పడింది. ఉపవాసమే పాటించాలని పార్లమెంటు ఆజ్ఞాపించింది. 1647 జూన్‌లో పండుగనే రద్దు చేసింది. ఆ డిసెంబరు 25న కాంటర్‌బరీలో దుకాణాలు తెరవాలని మేయరు పట్టుబట్టగా అల్లర్లు రేగాయి. క్రామ్‌వెల్ పైలను నిషేధించాడన్నది మాత్రం కథ; చట్టం నిషేధించినది పండుగను. గుడి తలుపు మూసినా వంటింటి పొయ్యిని ఆర్పడం తేలిక కాదు. 1660లో రాజరికం తిరిగి రాగా పండుగ కూడా తిరిగి వచ్చింది.

అయితే సెల్డెన్ మాటను ఆకారపు పుట్టుకకు రుజువుగా తీసుకోవడం తొందరపాటు. ఆనాడు ఇతర మాంసపు పైలను కూడా నిడుపు పెట్టెల్లో కాల్చేవారు. ఆకారం ముందే ఉండి, భావం దానికి తరువాత అంటుకొని ఉండవచ్చునని నా అభిప్రాయం. జర్మనీ స్టోలెన్ రొట్టెను పొత్తిగుడ్డల్లోని శిశువుగా చెప్పడం కూడా ఇటువంటిదే కావచ్చు. అది మొదట వెన్న నిషిద్ధమైన ఉపవాస దినాల రొట్టె, 1491లో పోపు అనుమతి ఇచ్చాకే సాక్సనీలో అందులో వెన్న చేరింది. కానీ తొట్టిలో తిండిని, తిండిలో తొట్టిని చూడడం గ్రెగొరీ నాటికే సంఘానికి తెలుసు.

నేటి మిన్స్ పై గుండ్రంగా ఉంటుంది. మాంసం పోయి పండ్లు మిగిలాయి, తొట్టి ఆకారమూ పోయింది. ఇక పెద్దల సంకోచం మాటకు వస్తే, ఆ పైమీద పిండితో శిశువు బొమ్మ కూడా పెట్టేవారని తరువాతి పుస్తకాలు కొన్ని చెబుతాయి. సెల్డెన్ చెప్పినది తొట్టి ఒక్కటే.