హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు

హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు: క్లోరోఫాం మత్తులో జంతువుల రక్తపోటు, గుండె, శ్వాస ఎలా మారతాయో తేల్చడానికి 1888, 1889లలో నిజాం రాజ్యంలో ఏర్పాటైన రెండు పరిశోధక బృందాలు. 1848లో ఇంగ్లండులో 15 ఏళ్ల హన్నా గ్రీనర్ ఈ మత్తులో మరణించింది. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్న వివాదం అప్పటి నుంచి నడిచింది. హైదరాబాద్ వైద్య పాఠశాలకు నేతృత్వం వహించిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ, ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ సైమ్ శిష్యుడు. ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలన్నది సైమ్ సంప్రదాయపు నమ్మకం. కుక్కలపై ప్రయోగాలు చేసిన మొదటి కమిషన్ దాన్నే బలపరచింది.

లండన్ పత్రిక 'లాన్సెట్' ఈ ఫలితాన్ని శంకించింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1,000 పౌండ్లు ఇవ్వగా, ఆ పత్రిక థామస్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. రక్తపోటును తగ్గించే అమిల్ నైట్రైట్‌ను 1867లో ఆంజైనా నొప్పికి వాడి చూపింది ఆయనే. రెండో కమిషన్‌లో జంతువు ధమనిని గొట్టంతో పీడనమాపకానికి కలిపేవారు. తిరిగే డోలు మీద కైమోగ్రాఫ్ ముల్లు రక్తపోటును గీతగా గీసేది. మత్తు ముదిరేకొద్దీ గీత క్రమంగా దిగింది. ఊపిరి ఆగాక కూడా గుండె కొంతసేపు కొట్టుకుంది. దీన్నిబట్టి క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదని కమిషన్ తీర్మానించింది. గీతలు చూపినదానికంటే ఇది పెద్ద మాట.

క్లోరోఫాం కలిసిన రక్తం గుండెనే బలహీనపరుస్తుందని 1893లో పరిశోధకులు గాస్కెల్, షోర్ చూపారు. తేలికపాటి మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఇస్తే గుండె జఠరికలు లయ తప్పి అదిరి, ఉన్నట్టుండి ప్రాణం పోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు.