గర్భసంచి ఆపరేషన్లు: ఏ పనికి డబ్బిస్తే ఆ పనే జరుగుతుంది

ముప్పై ఐదేళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్న కూలి తల్లులు మన వాడల్లో చాలామందే ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూస్తే, 15–49 ఏళ్ల మహిళల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర, తెలంగాణలో 8కి పైన. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి.

మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే అంత జబ్బుపడి ఉన్నాయని మేం నమ్మం. డబ్బు ఎలా చేతులు మారుతోందో చూడాలి. తెల్లబట్ట, అధిక రక్తస్రావం లాంటివాటికి చాలాసార్లు మందులతో నయమవుతుంది. కానీ మందుబిళ్లలు రాస్తే ఆసుపత్రికి మిగిలేది తక్కువ, ఆపరేషన్ చేస్తే ఎక్కువ. 'క్యాన్సర్ అవుతుంది' అన్న ఒక్క మాట చాలు, కూలి పోగొట్టుకోలేని మనిషి అప్పు చేసైనా ఒప్పుకుంటుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు పెద్దాసుపత్రి తలుపులు తెరిచిన మాట నిజం. అయితే అదీ ప్రధానంగా ఆపరేషన్‌కు ఇంత అని ప్యాకేజీ కట్టిన పథకమే. ఊళ్లో నర్సు దగ్గర ముందే జబ్బు కనిపెట్టి మందులిచ్చినందుకు ప్యాకేజీ లేదు.

మెదక్ జిల్లాలో వైద్యులు, మహిళా సంఘాలు ఇల్లిల్లూ తిరిగి ఈ సంగతి బయటపెట్టాక, ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేశారు. మంచిదే. కానీ చేతి డబ్బు పెట్టి ప్రైవేటులో చేయించుకునేవాళ్లు ఆ లెక్కలోకే రారు. 2015–16 సర్వే నాటికీ తర్వాతి సర్వేకీ రెండు రాష్ట్రాల అంకెల్లో పెద్ద తేడా లేదు. (ఒకసారి ఆపరేషన్ అయిన మనిషి తర్వాతి సర్వేలోనూ కనిపిస్తుంది కనుక ఈ అంకె త్వరగా తగ్గదు. ఆ మాట కూడా చెప్పుకోవాలి.)

మరి అంకెలతో ఏం చేయొచ్చు? ఒక ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో నలభై ఏళ్లలోపు వాళ్లెందరో, పక్క ఆసుపత్రిలో ఎందరో పోల్చితే చాలు, ఎక్కడ తనిఖీ చేయాలో తెలిసిపోతుంది. ముందు మందులు వాడి చూశారా, తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపారా అన్నవి కేసు షీట్‌లో ఉండాల్సిన విషయాలే. అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల బలం తగ్గుతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఏడాది తర్వాత ఆ మనిషి కూలికి వెళ్లగలుగుతోందా అని ఫోన్ చేసి అడిగేవాళ్లు లేరు. బిల్లులో ఆ మాటకు గడి లేదు మరి.

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో, అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయి నుంచే కమిటీలు ఉండాలి, వయసు, మరణాలు, వృత్తి వివరాలు సేకరించాలి. ఆ వివరాలను కులం వారీగానూ ప్రచురించాలన్నది మా డిమాండు. సర్వేల సగటు అంకెలో మాదిగవాడ, మాలపల్లె విడిగా కనిపించవు.

విద్యార్థి మిత్రులు సమాచార హక్కు దరఖాస్తు పెట్టేటప్పుడు రోగుల పేర్లు అడగొద్దు, ఆ వంకతో తిరస్కరిస్తారు. మీ జిల్లా కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఆసుపత్రి వారీగా నలభై లోపు వాళ్లకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, అందులో ఎస్సీ, ఎస్టీ మహిళలెందరు అని సంఖ్యలే అడగండి.