పెద్దల నాటి జేబు చాకు: వయసు, భద్రత, చట్టం

హూడిలో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్లలో పాత ట్రంకు పెట్టె తెరిస్తే అడకత్తెర పక్కన ఒక మడత చాకు కనిపించడం మామూలే. పంపకాలప్పుడు బంగారానికి లెక్క ఉంటుంది, చాకుకు ఉండదు. చివరికి అది పాత ఇనుము తూకంలో పోతుంది. అలా పోకముందు అదేమిటో తెలుసుకుందాం.

వయసు ఎలా తెలుస్తుంది?

బ్లేడు మొదట్లో, పిడికి దగ్గరగా ముద్ర ఉంటుంది. భూతద్దంతో చూడాలి.

• నక్షత్రం, శిలువ గుర్తులుంటే ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రాడ్జర్స్ వారిది. కిరీటంతో 'వి.ఆర్.' అక్షరాలు విక్టోరియా రాణివి; ఆమె 1901లో మరణించారు.
• 'స్టెయిన్‌లెస్' అని ఉంటే 1913 తర్వాతిది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ ఆ ఉక్కును తయారుచేసింది ఆ ఏడాదే.
• 'విక్టోరినాక్స్' పేరు 1921లో వచ్చింది.
• 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే 1949–1990 మధ్యది.

ముద్ర చెప్పేది సాధారణంగా 'ఇంతకంటే పాతది కాదు' అన్న మాట మాత్రమే. కమ్మరి చేసిన చాకుకు ముద్రే ఉండకపోవచ్చు. అప్పుడు పెద్దల మాటే ఆధారం. ఎవరిది, ఎక్కడ కొన్నారు, దేనికి వాడారు అన్నది చీటీ మీద రాసి చాకుతోనే ఉంచండి.

ఎలా దాచాలి?

సాన పట్టించవద్దు, గరుకు కాగితంతో రుద్దవద్దు. ముద్ర అరిగిపోతే వయసు తెలిపే ఆధారమే పోతుంది. పాత ఉక్కు మీద బూడిదరంగు మచ్చ తుప్పు కాదు, అలాగే ఉండనివ్వండి. పొడిబట్టతో తుడిచి, కుట్టుమిషను నూనె పలచగా రాస్తే చాలు. కొబ్బరినూనె జిగురుకడుతుంది. తోలు ఒరలో ఉంచితే చెమ్మ పడుతుంది.

పిడి ఏనుగు దంతమైతే కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

వెంట తీసుకెళ్లవచ్చా?

ఆయుధ నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులను ఆయుధాలుగా లెక్కిస్తారు. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకులు ఈ కొలతకు చాలా లోపే ఉంటాయి. అయితే ఊరు మారితే నియమం మారవచ్చు: ఢిల్లీలో 1980 నాటి ప్రకటన ప్రకారం మీట నొక్కితే తెరుచుకునే చాకులకు 7.62 సెంటీమీటర్ల పొడవు నుంచే ఆంక్ష ఉంది.

2023 మార్చిలో హూడికి మెట్రో వచ్చాక మన రాకపోకలు చాలావరకు తనిఖీ యంత్రం దాటే సాగుతున్నాయి. పాత చాకును అక్కడికి తీసుకెళ్లకపోవడమే మేలు. విమానంలో చేతిసంచిలో అనుమతించరు, చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.

విదేశాల్లో ఉన్న పిల్లలకు గుర్తుగా పంపాలనుకునేవారు మరో మాట గమనించాలి. నూరేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పంపేముందు భారత పురావస్తు శాఖ బెంగళూరు కార్యాలయంలో అడిగి, అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకోండి.