అల్‌బైరూనీ కొలత: పొగడ్తకూ ప్రమాణానికీ మధ్య

అబూ రైహాన్ అల్‌బైరూనీ వేయి సంవత్సరాల క్రితమే భూమి వ్యాసార్ధాన్ని కొద్ది కిలోమీటర్ల తేడాతో కనుగొన్నాడని మన వ్యాసాలలో, ఉపన్యాసాలలో తరచుగా చెప్పుకుంటాము. ఈ మాట విని సంతోషించని ముస్లిం ఉండడు. కాని ఆ విద్వాంసుడు తన కొలతను గురించి స్వయంగా ఏమన్నాడో పరిశీలిస్తే, ఈ పొగడ్త ఆయన అసలు ఔన్నత్యాన్ని మరుగుపరుస్తున్నదని తెలియవస్తుంది.

ఖలీఫా మామూన్ (పాలన క్రీ.శ. 813–833) ఆజ్ఞపై ఖగోళవేత్తలు సింజార్ మైదానంలో రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు ఉత్తరంగా, మరొకటి దక్షిణంగా కొలుచుకుంటూ, ఆకాశంలో ఒక డిగ్రీ తేడా వచ్చేవరకు నడిచాయి. ఆ దూరమే భూమి చుట్టుకొలతలో 360వ భాగం. అయితే తరువాతివారికి చేరిన అంకె ఒక్కటి కాదు. కొందరు 56 మైళ్ళన్నారు, కొందరు 56⅔ మైళ్ళన్నారు.

క్రీ.శ. 973లో ఖ్వారజ్మ్‌లో జన్మించిన అల్‌బైరూనీని ఈ భేదం కలవరపెట్టింది. జుర్జాన్ ప్రాంతపు మైదానంలో తిరిగి కొలవాలని సంకల్పించాడు గాని, తగిన సహాయం దొరకక విరమించాడు. తరువాత పంజాబ్‌లోని నందన కోట వద్ద, విశాలమైన మైదానాన్ని ఆనుకుని నిలిచిన ఒక కొండ ఆయన కంటబడింది. అక్కడ మరొక మార్గం అనుసరించాడు. మొదట కొండ ఎత్తును కొలిచాడు. అది 652 మూరల పైచిలుకు తేలింది. పిమ్మట శిఖరం నుండి దిగంతాన్ని చూసి, చూపు సమతలానికి ఎంత దిగువకు వాలుతుందో గుర్తించాడు. అది 34 కళలు (డిగ్రీలో 60వ వంతు ఒక కళ). ఈ రెండింటి నుండి భూమి వ్యాసార్ధం సుమారు 1 కోటి 28 లక్షల మూరలని, అనగా మైలుకు 4,000 మూరల చొప్పున దాదాపు 3,200 మైళ్ళని లెక్కగట్టాడు. ఆ ప్రకారం ఒక డిగ్రీకి దాదాపు 56 మైళ్ళు వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ 34 కళలలో ఒక్క కళ తప్పయితే ఏమవుతుంది? వ్యాసార్ధం ఆ కోణపు వర్గానికి విలోమంగా మారుతుంది గనుక, ఫలితంలో నూటికి ఆరు వంతుల తేడా, అంటే సుమారు 190 మైళ్ళు తేడా వస్తుంది. ఒక మూర వ్యాసం గల పరికరపు అంచున ఒక కళ స్థలం మిల్లీమీటరులో పదో వంతుకు కూడా రాదు. అంత సన్నని గీతపై మొత్తం ఫలితం ఆధారపడి ఉంది.

కొలతలలో పొరపాట్లు రెండు విధాలు. మొదటిది ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చేది. పలుమార్లు కొలిచి సగటు తీస్తే ఇది తగ్గుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తొమ్మిదిసార్లు కొలిస్తే ఈ అనిశ్చితి మూడో వంతుకు దిగుతుంది. రెండవది ప్రతిసారీ ఒకే వైపుకు లాగేది. గాలి వెలుతురును వంచడం వలన దిగంతం ఉన్నదానికంటే పైకి కనిపిస్తుంది. దానితో కోణం తగ్గి, వ్యాసార్ధం పెరుగుతుంది. వందసార్లు చూసి సగటు తీసినా ఈ దోషం పోదు.

ఇక కిలోమీటర్ల సంగతి. ఆనాటి మూర పొడవు మనకు ఖచ్చితంగా తెలియదు. మూర పొడవులో ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ అయితే వ్యాసార్ధం 128 కిలోమీటర్లు మారుతుంది. అటువంటప్పుడు కొద్ది కిలోమీటర్ల తేడా అన్న మాటకు ఆధారమెక్కడిది?

మరి అల్‌బైరూనీ ఏమన్నాడు? తన ఫలితం మామూన్ కాలపువారి ఫలితానికి చేరువగా ఉన్నదని సంతృప్తి చెందాడు. అయినా, వారి పరికరాలు మరింత సున్నితమైనవని, వారి శ్రమ అధికమని చెప్పి, తన అంకెను పక్కనపెట్టి వారి అంకెనే వాడుకున్నాడు. ఈ సంగతి ఆయన ‘అల్‌ఖానూనుల్ మస్ఊదీ’లో ఉంది. ఆ గ్రంథపు అరబీ మూలాన్ని 1954–56 మధ్య ప్రచురించినది మన హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ కావడం గమనార్హం.

పొరపాట్లను గణితసూత్రాలతో తూచే పద్ధతి చాలా ఆలస్యంగా వచ్చింది. 1805లో లజాండ్ర్ కనిష్ఠ వర్గాల పద్ధతిని ప్రకటించాడు. 1809లో గౌస్ దానిని సంభావ్యతతో జోడించాడు. అల్‌బైరూనీకి ఆ సూత్రాలు లేవు. కాని ఏ కొలత ఎంత నమ్మదగినదో విచారించి, దానిని దాచకుండా చెప్పే నియమం ఆయనకుంది. హదీసువేత్తలు రివాయతును ఉల్లేఖించేటప్పుడు ఉల్లేఖకుని బలాన్నీ బలహీనతనూ కూడా చెప్పినట్లే, ఆయన అంకెతోపాటు దాని స్థాయినీ చెప్పాడు.

తూకంలో, కొలతలో తగ్గించేవారిని ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. మన పూర్వీకులను గురించి చెప్పేటప్పుడు తూకాన్ని పెంచి చూపడం కూడా సరైన కొలత కాదు. అల్‌బైరూనీ తన అంకెకు ఇవ్వని ఖచ్చితత్వాన్ని మనం ఆయనకు అంటగట్టనవసరం లేదు.