యుద్ధకాలమున లేచిన మెదకు గుడి



నేను హైదరాబాదు నగరమునందలి బోరబండలో కాపురముండువాడను. మా వాడలో పల్లెలనుండి కూలినాలికై వచ్చి స్థిరపడినవారు పెక్కురు గలరు. 2022వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున రష్యా సేనలు ఉక్రెయిను దేశముపై దండెత్తినపుడు ఆ దేశమే దిక్కుననున్నదో మాలో చాలమందికి తెలియదు. నెల తిరుగకముందే తెలిసినది. మన దేశమునకు దిగుమతియగు పొద్దుతిరుగుడు నూనెలో అధికభాగము అచ్చటినుండియే వచ్చుచుండెను. పిండివంటల మాట యటుండనిండు, పోపునకే నూనె కొలుచుకొనవలసి వచ్చెను. కన్నెరుగని దేశమునందలి ఫిరంగుల మ్రోత మనకు మొట్టమొదట అంగడిలో వినబడును.

ఇది క్రొత్త సంగతి కాదు. నూరేండ్లకు పైబడిన కాలము క్రిందట మన తాతముత్తాతలు దీనిని ఇంతకంటె కఠినముగా ఎరిగిరి. ఆ దినములలో మెదకునందు జరిగిన యొక పనిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

1914వ సంవత్సరమున ఐరోపాఖండమున మహాసంగ్రామము పుట్టెను. కారణములు అక్కడివి, కష్టములు మాత్రము అందరివి. మన దేశమునుండి పది లక్షలకు పైగా జనులు సముద్రములు దాటి ఆ యుద్ధసేవకు పోయిరి. వారిలో 70,000కు మించినవారు తిరిగి రాలేదు. నైజాము ప్రభువుయొక్క అశ్వదళము సూయెజు కాలువకును, పిమ్మట పాలస్తీనాకును పోయినది. విచిత్రము చూడుడు! ఇచ్చటి పల్లెలలో క్రీస్తుకథ చెప్పువారికి బేత్లెహేము, యెరూషలేము అనునవి గ్రంథములోని పేర్లు. హైదరాబాదు రౌతులకు అవి గుఱ్ఱపు డెక్కల క్రింది నేల. సమాధానకర్త పుట్టిన దేశమునకే మనవారు యుద్ధము చేయబోయిరి. నేటికిని ఆ దేశమున శాంతి లేదు. 2023వ సంవత్సరపు క్రిస్మసునకు గాజాలోని యుద్ధమును బట్టి బేత్లెహేములో ఉత్సవములు మానుకొనిరి. అచ్చటి లూథరను దేవాలయములో బాలయేసు ప్రతిమను పశువుల తొట్టిలో గాక విరిగిన రాళ్లకుప్పపై పరుండబెట్టిరి.

యుద్ధకాలమున ఇచ్చట ధాన్యము, బట్ట, కిరసనాయిలు, అన్నిటి ధరలును ఎగసినవి. 1918లో వానలు తప్పినవి. ఆ యేడే ఇన్‌ఫ్లుయెంజా యను విషజ్వరము వచ్చి దేశమునందు కోటికి పైగా జనులను హరించెను. నవంబరు 11వ తేదీన యుద్ధము ముగిసినదను వార్త రాగా పట్టణములలో పండుగలు జరిగినవి. ఆ సమయమున పల్లెలలో శవములు మోయువారికి తీరిక లేదు.

ఇట్టి యేండ్లలోనే మెదకునందు ఒక పెద్ద గుడి లేచుచుండెను. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయుడు వెస్లియను సంఘమువారి బోధకుడై 1895లో సికింద్రాబాదునకు వచ్చి, మొదట తిరుమలగిరిలోని తెల్లసిపాయిలకు బోధ చేసి, 1896లో మెదకు చేరెను. 1914లో, అనగా సంగ్రామము పుట్టిన యేటనే, ఆయన యీ కట్టడమునకు పూనుకొనెను. గుడి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటగోపురము 175 అడుగుల యెత్తు. లోపల సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును. ఒక చిన్న పట్టణములో, కఱవు నోరు తెఱచియుండగా, ఇంత గుడి! 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన దానిని ప్రతిష్ఠించిరి. పదియేండ్ల పని.

పని చేసినవారెవరు? కఱవుచే పొలము పని లేకపోయిన చుట్టుపట్ల గ్రామములవారు. కూలి చేసిరి, తిండి తినిరి. ఏ కులమువారైనను, ఏ మతమువారైనను పనికి పోవచ్చును. ఊరక పెట్టిన గంజికిని, రాయి మోసి తెచ్చుకొన్న గింజలకును గల భేదము ఈ మాటలు వినుచున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. గంజికేంద్రము మూసినపుడు మిగులునది ఆకలి యొక్కటే. ఇచ్చట ఆకలి తీరినది, గుడియు మిగిలినది.

అయినను ఒక ఆక్షేపణ కలదు; దానిని దాటిపోవుట న్యాయము కాదు. జనులు చచ్చుచుండగా అంత సొమ్ము రాళ్లపై వెచ్చింపనేల? ఇంగ్లాండునుండి తెచ్చిన నేలపలకలకు పెట్టిన పైకము గింజలకు పెట్టరాదా? ఈ ప్రశ్న గట్టిదే. చెరువు త్రవ్వియున్నచో పొలములకు నీరు దక్కియుండునని యొక రైతు అన్నచో నేను కాదనను. రెండవ ఆక్షేపణ దీనికంటె పదునైనది: ఆకలిగొన్నవానికి అన్నము చూపి మతము పుచ్చుకొనుమనుట ధర్మమా? కాదు. ఈ విషయమున తెలుగుదేశమునందే అంతకుముందొక దృష్టాంతము గలదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ఘోరక్షామములో ఒంగోలున నుండిన జాన్ క్లౌ అను అమెరికా బోధకుడు బకింగుహాము కాలువలో 3½ మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసుకొని వేలకొలది బీదలకు పని కల్పించెను. జనులు గుంపులుగా వచ్చి బాప్తిస్మము కోరిరి. ఆయన సుమారు 15 మాసములు ఎవ్వరికిని ఇయ్యలేదు. అన్నముకొఱకు వచ్చుచున్నారో, దేవునికొఱకు వచ్చుచున్నారో తేలవలెననియే యీ జాగు. కఱవుపని ముగిసి, పంచుటకు ఏమియు లేనపుడు కూడ వారు వచ్చిరి. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన వెలంపల్లి చెంత గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్యను చూచి ఆశ్చర్యపడువారు గలరు. నాకు మాత్రము ఆ 15 మాసముల నిరీక్షణయే గొప్పగా తోచుచున్నది.

నిరీక్షణ యను మాటను మన తెలుగు క్రైస్తవులు ఎదురుచూపు అను అర్థమున మాత్రమే గాక, దేవునియందు గట్టిపడిన ఆశ యను అర్థమున వాడుదురు. ఇది రేపు ధరలు తగ్గునను లెక్క కాదు. యుద్ధము త్వరలో ముగియునను జోస్యమును కాదు. పూర్వము యెరూషలేము పట్టణమును బబులోను సేనలు ముట్టడించియుండగా యిర్మీయా ప్రవక్త చెఱసాల ప్రాకారములో బందీయై యుండెను. పట్టణము పడిపోవునని ఆయనయే చెప్పియుండెను. ఆ చెప్పినందుకే బంధించిరి. అట్టివానియొద్దకు పినతండ్రి కుమారుడు వచ్చి అనాతోతు గ్రామములోని తన పొలమును కొనుమనెను. ఆ పొలము శత్రువుల చేతిలోనున్నది. అట్టి భూమిని ఏ వ్యవహారజ్ఞుడు కొనును? యిర్మీయా కొనెను. 17 తులముల వెండి తూచియిచ్చెను. క్రయపత్రము వ్రాయించెను, సాక్షులచే వ్రాళ్లు చేయించెను, ముద్ర వేయించెను, చాలకాలము నిలుచునట్లు మట్టికుండలో పెట్టించెను. ఈ దేశమున ఇండ్లును పొలములును మరల కొనబడునని దేవుడు చెప్పిన మాటకు అది ఆయన పెట్టిన వ్రాలు.

రిజిష్ట్రీ కచ్చేరి సంగతులెరిగిన మన పెద్దలకు ఈ కథ పట్టుబడినంతగా పండితులకు పట్టుబడునో లేదో నాకు సందేహమే. కష్టము రాదని యిర్మీయా అనలేదు. కష్టము వచ్చునని యెరిగియే సొమ్ము చెల్లించెను. ప్రసంగము వినినవారు మఱచిపోవచ్చును గాని పత్రమును కుండలో దాచినవాడు మఱచునా? మెదకు గుడి నాకట్టి క్రయపత్రమువలె కనబడును. లోకము తనను తాను కూల్చుకొనుచున్న యేండ్లలో, మఱి నూరేండ్లకు జనులిచ్చట కూడి పాడుదురని నమ్మి, రాయిపై రాయి పేర్చిరి.

ఆ కాలపు పని మెదకులోనే నిలిచిపోలేదు. నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్తయగు జార్జి కెర్ అను బోధకుడును కలిసి 1915లో, యుద్ధము మధ్యనే, కుష్ఠరోగులకు వైద్యశాల నెలకొల్పిరి. దానికి ఉదారముగా తోడుపడినవాడు నర్సా గౌడు అను హిందూ దాత. ఊరివారు వెలివేసినవారికి మంచము, మందు, పని దొరకినవి. నమ్మినది ఒక మతమువారు, చేయి కలిపినది మఱొక మతమువారు. నైజాము రాజ్యమునందలి మన జీవనమున ఇట్టివి జరుగుచుండెడివి.

1947లో దక్షిణభారత సంఘము ఏర్పడినపుడు మెదకు గుడి బిషప్పుగారి పీఠమైనది. దాని అద్దపు కిటికీలను గూర్చి చెప్పి విరమింతును. రంగుటద్దముల ముక్కలతో కూర్చిన పెద్ద కిటికీలు మూడు గలవు. క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము అను వరుస లోకమంతయు ఎరిగినదే. ఇచ్చట ఆ వరుసగా రాలేదు. ఆరోహణపు కిటికీ 1927లో ముందుగా వచ్చెను. జననపు కిటికీ 1947లో. సిలువ కిటికీ 1958లో. ఒక్కొక్కటి వచ్చులోపల లోకమున రెండవ మహాసంగ్రామము జరిగిపోయినది, దేశము స్వతంత్రమై రెండుగా చీలినది, నైజాము రాజ్యము అంతరించినది. ఆ బొమ్మలకు లోపలి దీపములు పనికిరావు. వెలుపలి యెండ తాకినంతసేపే రంగులు కనబడును. హైదరాబాదునుండి బస్సెక్కి చూడబోవువారు ప్రొద్దుగ్రుంకకముందే చేరునట్లు బయలుదేరవలెను.