విశ్రాంత డీజిల్ రైలింజన్ల కొనుగోలు, పరిరక్షణ – మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల నేపథ్యం

(పత్రికా విలేఖరుల, అధికారుల ఉపయోగార్థం ప్రత్యేక వ్యాసం)

హైదరాబాదు: నగరానికి ఉత్తరాన మేడ్చల్ మీదుగా సాగే రైలుమార్గంలో డీజిల్ ఇంజను మోత నానాటికీ తగ్గిపోతున్నది. సికింద్రాబాదు నుండి బొల్లారం మీదుగా మేడ్చల్ వరకు గల సుమారు 28 కిలోమీటర్ల మార్గం ఎం.ఎం.టి.ఎస్. రెండవ దశలో విద్యుదీకరణ పొందింది. ఈ మార్గంలో లోకల్ రైళ్ళను 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి ప్రారంభించారు. దేశంలోని బ్రాడ్‌గేజి మార్గాలన్నింటినీ విద్యుదీకరించాలని కేంద్ర మంత్రివర్గం 2018లో నిర్ణయించగా, ఆ పని ఇప్పటికి దాదాపు ముగింపునకు వచ్చింది. ఫలితంగా వందలాది డీజిల్ ఇంజన్లు సేవల నుండి తప్పుకొని షెడ్లలో వరుసలు తీరి, వేలానికి, ఆపై గ్యాస్ కట్టరుకు ఎదురుచూస్తున్నాయి. వీటిలో ఒకటి రెండింటినైనా కొని భద్రపరచవచ్చునా, అందుకు ఏమేమి కావలెను అన్న ప్రశ్నలు తరచుగా వస్తున్నందున సంబంధిత వివరాలను ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మేడ్చల్ మార్గానికి గల చరిత్ర

మేడ్చల్‌కు రైలు వచ్చినది నిజాం కాలంలో. హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే పేరిట సికింద్రాబాదు నుండి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదు మీదుగా మన్మాడు వరకు వేసిన మీటరుగేజి మార్గం 1900 ప్రాంతంలో రాకపోకలకు సిద్ధమైంది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేలను కంపెనీ నుండి స్వాధీనం చేసుకున్నది. 1951లో అవి మధ్య రైల్వేలో విలీనమయ్యాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. అధికారాలు ఎన్ని చేతులు మారినా పట్టాల మధ్య వెడల్పు మాత్రం ఒక శతాబ్దం పాటు 1,000 మిల్లీమీటర్లుగానే ఉండి, 2000 దశకపు తొలి సగంలో బ్రాడ్‌గేజిగా మారింది.

ఆ మీటరుగేజి చివరి దశాబ్దాలలో ఈ మార్గాన అజంతా ఎక్స్‌ప్రెస్‌ను, జైపూరు వరకు వెళ్ళే మీనాక్షి ఎక్స్‌ప్రెస్‌ను లాగినవి వైడీఎం-4 తరగతి డీజిల్ ఇంజన్లు. విలేఖరుల సౌకర్యార్థం ఈ అక్షరాల అర్థం చెప్పవలసి ఉన్నది. డబ్ల్యు అంటే బ్రాడ్‌గేజి, వై అంటే మీటరుగేజి, డి అంటే డీజిల్, ఎం అంటే ప్రయాణికుల రైళ్ళకు, సరుకు రైళ్ళకు రెండింటికీ పనికివచ్చేది. వార్తలలో తరచు కనిపించే డబ్ల్యుడీఎం-2 ఈ లెక్కన బ్రాడ్‌గేజి మిశ్రమ డీజిల్ ఇంజను.

ఈ రెండు తరగతులూ అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ నమూనాలే. వైడీఎం-4 ఇంజన్లు 1960 దశకం తొలినాళ్ళలో దిగుమతి కాగా, 1968 నుండి వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారైనాయి. ఆరు సిలిండర్లతో సుమారు 1,400 అశ్వశక్తి, 72 టన్నుల బరువు దీనివి. డబ్ల్యుడీఎం-2 ఇంతకంటె చాలా పెద్దది. 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, 112.8 టన్నుల బరువు, 5,000 లీటర్ల ఇంధన ట్యాంకు గలది. 1962లో మొదటివి అమెరికా నుండి రాగా, 1964లో వారణాసి కర్మాగారం తన తొలి ఇంజనును అందించింది. 1990 దశకం చివరి వరకు రెండున్నర వేలకు పైగా తయారై, దేశంలో ఆవిరి ఇంజనును ఇంటికి పంపినవి ప్రధానంగా ఇవే. ఆ కర్మాగారం పేరు 2020లో బనారస్ లోకోమోటివ్ వర్క్స్‌గా మారింది. డీజిల్ పదం పేరులో నుండి కూడా తొలగిపోయినదన్నమాట.

ఇంజను విశ్రాంతి పొందే విధానం

డీజిల్ ఇంజనుకు రైల్వేలు నిర్ణయించిన ఆయుర్దాయం 36 సంవత్సరాలు. ఈ లెక్కన 1998లో తయారైన ఇంజను 2034 వరకు పనిచేయవలసి ఉన్నది. అయితే మార్గాలన్నీ విద్యుదీకరణ పొందుతున్నందున ఎన్నో ఇంజన్లకు వయసు తీరకముందే పని లేకుండా పోయింది. కొన్నింటికి వేరే దారులు దొరికాయి. 2020 జూలైలో పది బ్రాడ్‌గేజి ఇంజన్లను, 2023 మే నెలలో మరో ఇరవై ఇంజన్లను భారతదేశం బంగ్లాదేశ్‌కు అందజేసింది. రెండు డీజిల్ ఇంజన్లను జంటగా విద్యుత్ ఇంజనుగా మార్చిన ప్రయోగాన్ని 2019 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి వారణాసిలో ప్రారంభించారు. రామగుండం ఎన్.టి.పి.సి. వంటి విద్యుత్ కేంద్రాలకు, ఉక్కు కర్మాగారాలకు సొంత రైలుమార్గాలున్నందున అటువంటి చోట్ల పాత ఇంజన్లకు కొంత గిరాకీ ఉంటుంది. మిగిలినవి తుక్కు క్రిందనే పోతాయి.

తుక్కుగా పోవడం ఒక్క రోజులో జరిగేది కాదు. ముందుగా షెడ్డు అధికారులు ఇంజను స్థితిని పరిశీలించి రద్దు ప్రతిపాదన పంపుతారు. అది ఆమోదం పొందిన పిదప ట్రాక్షన్ మోటార్లు, టర్బో ఛార్జరు, కంప్రెసరు వంటి పనికివచ్చే భాగాలను ఊడదీసి ఇతర ఇంజన్ల మరమ్మతుకు వాడుకుంటారు. మిగిలిన కళేబరం సామగ్రి విభాగం చేతికి వెళ్ళి, ఒక లాటుగా నమోదై, రైల్వేల ఇ-వేలం ద్వారా అమ్ముడవుతుంది. వేలంలో పాల్గొనువారు ముందుగా పేరు నమోదు చేసుకొని ధరావతు చెల్లించవలెను. పాట దక్కినవారు మిగిలిన సొమ్మును, జీఎస్టీని గడువులోగా చెల్లించి, సరుకును ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలాగే తీసుకొనవలసి ఉంటుంది. సాధారణంగా కొనుగోలుదారులు తుక్కు వ్యాపారులే కనుక ఇంజనును షెడ్డు ఆవరణలోనే ముక్కలుగా కోసి లారీలకెత్తుతారు.

పరిరక్షణ కోరే సంస్థలు సాధారణంగా మేల్కొనేది ఈ చివరి ఘట్టంలోనే. అప్పటికి ఇంజను పేరుకు మాత్రమే ఇంజను. లోపల మోటార్లుండవు, డ్రైవరు గదిలో గేజీలుండవు, ఇత్తడి ఫలకాలు ఎప్పుడో మాయమై ఉంటాయి. లాటు నిబంధనలలో కోసి తీసుకుపోవలెనన్న షరతు కూడా ఉండవచ్చు. కాబట్టి ఇంజనును ఎంచుకోవలసినది వేలం జాబితాలో కాదు, రద్దు ప్రతిపాదన షెడ్డు దాటక మునుపే. మేడ్చల్ ప్రాంతానికి దగ్గరలో మౌలాలి డీజిల్ షెడ్డు ఉన్నది. దక్షిణ మధ్య రైల్వేలో కాజీపేట, గుత్తి షెడ్లకు కూడా దీర్ఘమైన డీజిల్ చరిత్ర గలదు. విద్యాసంస్థలు, ప్రభుత్వ సంస్థలు ఇంజను సంఖ్యను పేర్కొంటూ, ఎక్కడ నిలుపుతారో, ఎవరు చూసుకుంటారో వివరిస్తూ రైల్వే యంత్ర విభాగ ప్రధానాధికారికి, సామగ్రి విభాగ ప్రధానాధికారికి ముందుగానే లేఖ వ్రాయడం మేలు. నిర్ణయం పూర్తిగా రైల్వేలదే.

చట్టం ఇందుకు అండగా ఉన్నదా అని అధికారులు అడుగుతుంటారు. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం క్రింద ఒక వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం నూరేళ్ళ వయసు ఉండాలి. మన ప్రధాన మార్గాలపై ఆల్కో డీజిల్ ఇంజన్లు ప్రవేశించినది 1957–58లో. అంటే వాటిలో మొట్టమొదటిదానికి కూడా 2057 వరకు ఆ రక్షణ వర్తించదు. అప్పటికి రక్షించడానికి ఏదైనా మిగిలి ఉంటేనే చట్టం ప్రసక్తి.

కొనడం కంటె కష్టమైనది

ఇంజను ధర గురించే అందరూ అడుగుతారు. నిజానికి అది లోహపు ధరను బట్టి, ఆనాటి పోటీని బట్టి వేలంలో తేలిపోయే విషయం. అసలు ఖర్చు ఆ తరువాత మొదలవుతుంది.

మొదటిది తరలింపు. సొంతదారు ఎవరైనా తన ఇంజనును రైల్వే ప్రధాన మార్గంపై తానుగా నడుపుకొనే వీలు లేదు. రైలుమార్గం లేని చోటికైతే రోడ్డు మీదనే రావలెను. శామీర్‌పేట సంగతి ఇదే. కరీంనగర్ రహదారి మీద చెరువు, జింకల పార్కు, జీనోమ్ వ్యాలీ, అంతాయిపల్లి వద్ద 2022లో ప్రారంభమైన జిల్లా సమీకృత కార్యాలయ భవనం అన్నీ ఉన్నప్పటికీ శామీర్‌పేటకు రైలు లేదు. అక్కడివారు రైలెక్కాలంటే మేడ్చల్, బొల్లారం వంటి స్టేషన్లకు రావలసినదే. అయితే ఔటర్ రింగు రోడ్డుపై మేడ్చల్ 6వ నంబరు కూడలి కాగా శామీర్‌పేట 7వది కనుక భారీ ట్రెయిలర్లకు దారి సుగమమే.

ఇబ్బంది ఎత్తుతో వస్తుంది. డబ్ల్యుడీఎం-2 ఎత్తు 4 మీటర్లకు పైమాటే. మీటరు ఎత్తున్న ట్రెయిలరు మీద నిలిపితే 5 మీటర్లు దాటుతుంది. విద్యుదీకరించిన మార్గాల లెవెల్ క్రాసింగుల వద్ద రోడ్డుకు అడ్డంగా అమర్చిన ఎత్తు కమ్మీల క్రింద ఉండే ఖాళీ 4.67 మీటర్లు మాత్రమే. అందువలన పై శరీరాన్ని, క్రింది చక్రాల చట్రాలను విడదీసి వేర్వేరు ట్రెయిలర్లపై పంపుతారు. (రైల్వే సిబ్బంది ఈ చట్రాలనే బోగీలంటారు. మనమేమో పెట్టెను బోగీ అంటాము. వార్త వ్రాసేటప్పుడు ఈ తేడా గమనించకపోతే ఇంజనుకు రెండు బోగీలు తగిలించి పంపారని అచ్చయ్యే ప్రమాదం ఉన్నది.) రెండు చోట్లా భారీ క్రేన్లు, రవాణా శాఖ అనుమతి, పోలీసు బందోబస్తు, దారిలో తీగలు ఎత్తిపట్టుకొనేందుకు విద్యుత్ సిబ్బంది అవసరమవుతారు.

రెండవది నేల. 112.8 టన్నుల బరువు ఆరు ఇరుసులపై పడుతుంది. అంటే ఒక్కొక్క ఇరుసుపై 18.8 టన్నులు. ఇటుక అరుగు కట్టి రంగు వేస్తే సరిపోదు. గట్టి పునాది, కంకర, స్లీపర్లు, పట్టాలు అసలు మార్గానికి వేసినట్లే వేయవలెను. చెరువు కట్టల సమీపంలోని మెత్తని నేలలో ఈ విషయమై మరింత జాగ్రత్త కావాలి.

మూడవది, అందరూ మరచేది, కప్పు. స్టేషన్ల ముందు, కార్యాలయాల ఆవరణలలో ఎండకు వానకు నిలిపిన పాత ఇంజన్లను చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు. ఆవిరి ఇంజను మందపాటి ఇనుము కనుక కొంతకాలం ఓర్చుకుంటుంది. డీజిల్ ఇంజను పై తొడుగు పలుచని రేకు. ఒక తలుపు సరిగా మూతపడకపోతే ఒక వర్షాకాలంలోనే నీరు జనరేటరులోకి, విద్యుత్ అలమరలలోకి దిగుతుంది. రెండేళ్ళకొకసారి పైపై రంగు వేయడం వలన తుప్పు కనబడకుండా పోతుందే గాని ఆగదు. నిలిపి ఉంచదలచిన ఇంజనులో నీటి గొట్టాలను పూర్తిగా ఖాళీ చేయాలి, బ్యాటరీలు తీసివేయాలి, పాత నూనె వదిలించాలి. ఆ నూనె ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు, 2016 పరిధిలోకి వస్తుంది కనుక అధీకృత శుద్ధి సంస్థకే అప్పగించవలెను. పొగగొట్టాల చుట్టూ ఉన్న తొడుగులలో ఆస్బెస్టాస్ ఉన్నదేమో పరీక్షించిన తరువాతనే పిల్లలను లోనికి అనుమతించాలి. ఇంజనును అప్పుడప్పుడు నడిపి చూపదలచినవారు డీజిల్ నిల్వ విషయంలో పెట్రోలియం చట్టం, 1934ను కూడా చూసుకోవాలి. లైసెన్సు లేకుండా నిల్వ చేయదగినది మొత్తం మీద 2,500 లీటర్లు, అదీ ఒక్కొక్క పాత్రలో 1,000 లీటర్లకు మించరాదు.

ఇంత బాధ్యతను స్వచ్ఛందంగా మోసినవారు లేకపోలేదు. బ్రిటన్‌లో డెల్టిక్ తరగతి డీజిల్ ఇంజన్లు తయారైనవి 22 మాత్రమే. వాటి విరమణకు ముందే 1977లో అభిమానులు ఒక సంఘంగా ఏర్పడి, చందాలు పోగుచేసి, 1982లో రెండింటిని కొన్నారు. నేడు ఆ 22లో ఆరు పరిరక్షణలో ఉన్నాయి. గమనించవలసినది వారి ధనం కాదు, వారి తేదీలు. ఇంజన్లు ఆగిపోవడానికి నాలుగైదేళ్ళ ముందుగానే సంఘం పుట్టింది. మన దేశంలో ఈ పని ప్రధానంగా రైల్వేలే చేస్తున్నాయి. 1977లో ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం, 1979లో మైసూరు మ్యూజియం, 2002లో చెన్నై మ్యూజియం ఏర్పడినాయి. వాటిలో ప్రధానాకర్షణ ఆవిరి ఇంజన్లదే. తెలుగు నేలపై అర్ధశతాబ్దం బరువు లాగిన డీజిల్ ఇంజనుకు అటువంటి ఆదరణ ఇంకా రావలసి ఉన్నది.

మేడ్చల్‌కు ఏది తగును

ఈ వ్యాసకర్త కళాశాల విద్యార్థిగా ఉన్న రోజుల్లో మేడ్చల్ ప్లాట్‌ఫారంపై మీటరుగేజి ప్యాసింజరు కోసం వేచి ఉండగా, దూరాన పొగ ముందు కనబడి, తరువాత ఇంజను కనబడేది. డీజిలే అయినా ఆల్కో ఇంజను ఊపందుకొనేటప్పుడు నల్లని పొగ చిమ్మడం దాని సహజ లక్షణం. టర్బో ఛార్జరు వేగం పుంజుకొనేలోగా ఇంధనం ముందు వచ్చి చేరడమే అందుకు కారణమని తరువాత ఒక విశ్రాంత డ్రైవరు చెప్పగా తెలిసినది. ఆ జ్ఞాపకం వలన కలిగిన పక్షపాతమని ఎవరైనా అన్నా అభ్యంతరం లేదు గాని, మేడ్చల్‌లో ఒక ఇంజనును నిలపదలిస్తే అది వైడీఎం-4 కావడమే చారిత్రకంగా సబబు. డబ్ల్యుడీఎం-2 ఏ ఊరిలోనైనా ఉండదగినది. ఈ ఊరికి వందేళ్ళపాటు అన్నం పెట్టినది మీటరుగేజి. పైగా 72 టన్నులే కనుక తరలింపు, పునాది ఖర్చులు తగ్గుతాయి. దేశంలో మీటరుగేజి మార్గాలు అతి కొద్దిగా మిగిలినందున ఆ ఇంజను పొరుగు రాష్ట్రాల నుండి రావలసి ఉండవచ్చు. ఆలస్యమైనకొద్దీ ఆ అవకాశమూ సన్నగిల్లుతుంది.

శామీర్‌పేటలో చెరువు పక్కన ఇంజను నిలిపితే సందర్శకులు ఎక్కువగా వస్తారన్న వాదన కాదనలేనిది. కాని ఎన్నడూ రైలు చూడని చోట అది ఫోటోల అలంకారంగా మిగిలే ప్రమాదం ఉన్నది. మేడ్చల్‌లోనైతే దానిని నడిపినవారు, దానికి నీళ్ళు పట్టినవారు, దానిపై ప్రయాణించినవారు ఇంకా ఉన్నారు. వారి అనుభవాలను ఇంజనుతోపాటు నమోదు చేయవచ్చు.

నిధుల విషయమై, 2013 కంపెనీల చట్టం ఏడవ షెడ్యూలులో జాతీయ వారసత్వ పరిరక్షణ సామాజిక బాధ్యత వ్యయంగా గుర్తింపు పొందినందున, ఈ ప్రాంతంలోని పరిశ్రమలను సంప్రదించే వీలున్నది. ప్రతిపాదనలో ఒకేసారి చేసే ఖర్చుతోపాటు కనీసం పదేళ్ళ నిర్వహణ ఖర్చును, బాధ్యత వహించే అధికారి హోదాను పేర్కొనవలెను. ఇంజనుతోపాటు దాని మరమ్మతుల రిజిస్టర్లను, విద్యుత్ పటాలను, సంఖ్యా ఫలకాలను కూడా అప్పగించవలసినదిగా షెడ్డును కోరాలి. తుక్కు లాటులో ఇవి లెక్కకు రావు, ప్రత్యేకంగా అడగనిచో పాత కాగితాలతోపాటు వెళ్ళిపోతాయి. లేఖలను సికింద్రాబాదు రైల్ నిలయంలోని దక్షిణ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయానికి పంపవచ్చును. వేలం తేదీలు, లాటుల వివరాలు భారతీయ రైల్వేల ఎలక్ట్రానిక్ సేకరణ వ్యవస్థ పోర్టల్‌లో లభిస్తాయి.